ఆమె కోసం ఎవరూ ఫస్ట్ అనలేదు

మా పక్కింటి అత్త పోయింది. పోర్ట్‌బ్లెయిర్‌కు ఎదురు ఒడ్డున, మా బాంబూఫ్లాట్ జెట్టీలో సిమెంటు దిమ్మ మీద కూర్చుని, ఫెర్రీ కోసం చూస్తూ చూస్తూ పోయింది. గుండె ఆగిందని ఆస్పత్రి వాళ్ళు రాశారు. రాస్తే రాశారు. మా ఊరి నోళ్ళన్నీ ఒకేసారి మూతపడ్డాయి కాబట్టి పోయిందని నేనంటాను. ఎవరికి కోపం వచ్చినా సరే.

ఆవిడ గురించి నాలుగు మంచి ముక్కలు రాయమని చర్చి వాళ్ళు అడిగారు. పోయినవాళ్ళ గురించి నెమ్మదిగా, చల్లగా రాయాలట. నాకు ఒళ్ళు మండిపోతుంటే చల్లదనం ఎక్కణ్ణుంచి తేను? అయినా ఆ నెమ్మది ఆవిడకు మాత్రం ఏనాడు ఉంది కనుక!

వాళ్ళది శ్రీకాకుళం వైపు. భర్తకు చాతం రంపపు మిల్లులో పని దొరికితే పెళ్ళయిన కొత్తలో ఓడెక్కి వచ్చింది. మేమూ ఆ వైపు వాళ్ళమే, చేపలు పట్టుకుని బతికేవాళ్ళం. వాళ్ళు యేసుప్రభువును కొలుస్తారు, మేం గంగమ్మను కొలుస్తాం. రెండిళ్ళకూ మధ్య ఒక తడిక. ఆ తడిక మీదుగా కూర గిన్నెలూ వెళ్ళేవి, తిట్లూ వెళ్ళేవి. ఆవిడకు కోపం ముక్కు మీదే ఉండేది. ఆదివారం తెల్లచీర కట్టుకుని ప్రార్థన నుంచి వస్తూ వస్తూ, చీరైనా మార్చుకోకుండా మా వాకిట్లోకి వచ్చి, ఎండబెట్టిన చేపల మీద వల కప్పలేదని మా అమ్మను దులిపేసేది.

"ఇప్పుడే కదొదినా దేవుడి దగ్గర్నుంచి వచ్చినావు! అప్పుడే తిట్లా?" అని మా అమ్మ నవ్వేది.

"ప్రార్థన ఆయనకి, తిట్లు నీకు. ఉన్నది ఒకటే నోరు, ఏటి సెయ్యమంటావు?" అనేది అత్త.

ఆ రోజుల్లో మా ఫెర్రీ చిన్నది. ముందు భాగంలో టార్పాలిన్ నీడన ఒక బెంచీ ఉండేది. బోటు జెట్టీకి ఆనగానే తాడు కట్టే ఖలాసీ "ఫస్ట్! ఫస్ట్!" అని అరిచేవాడు. తెల్ల ప్యాంట్ల వాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, వాళ్ళ కుక్కపిల్ల ముందుగా ఎక్కి ఆ నీడన కూర్చునేవారు. తర్వాత మేము, మా చేపల బుట్టలు. అత్తకు అప్పటికి ఇంగ్లీషు ముక్క రాదు. ఆ అరుపు విని విని, ఫస్ట్ అంటే ఆఫీసరు అనుకుంది పాపం. కలెక్టరు, తాసిల్దారు ఉన్నట్టే ఫస్టూ ఒక ఉద్యోగం అనుకుంది. కూతురు పుట్టినప్పుడు, "దీన్ని ఒక మంచి ఫస్టుకిచ్చి పెళ్ళి సెయ్యాల" అని మా అమ్మతో అందట. ఈ మాట తలుచుకుని తర్వాత ఆవిడే పగలబడి నవ్వేది.

ఒకనాడు ఎండలో నిలబడలేక సరంగును అడిగేసింది. బోటు నడిపే ఆ సరంగు బెంగాలీ ఆయన, నెమ్మదస్తుడు.

"భయ్యా, ఈ ఫస్ట్ లోగ్ ఎంత జీతం తెచ్చుకుంటారు?"

"ఫస్ట్ కోయీ నౌకరీ నహీ, దీదీ. ఫస్ట్ మత్లబ్ పహలే. జో పహలే చఢేగా, ఓ ఫస్ట్."

"పహలేనా? ముందెక్కినోడా? అంతేనా?" అంది అత్త. "మరి ఆడు ముందని ఎవుడు సెప్పినాడు?"

"కిసీ నే నహీ. ఐసే హీ."

ఐసే హీ. ఊరికే, అలా జరుగుతోంది కాబట్టి జరుగుతోంది. ఆ జవాబు విని ఆవిడకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. ఇంటికి వచ్చి తడిక దగ్గర మా అమ్మను పిలిచి చెప్పింది. "ఒలే, ఇన్నాళ్ళూ అది మనిషనుకుని బయపడి సచ్చాను కదే. వొట్టి వరసంట! వరసైతే మార్సీడానికి ఎంతసేపు?"

మార్చడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ వానాకాలం మా అమ్మకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది, తన చేతిలో లేదు, పెద్దాస్పత్రికి పట్టుకుపొమ్మని మంత్రసాని చెప్పేసింది. పెద్దాస్పత్రి అవతలి ఒడ్డున పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. నాన్న వేటకు పోయాడు. మా బాబాయిలు అమ్మను నులకమంచం మీద జెట్టీకి మోసుకొచ్చారు. బట్టల సంచి పట్టుకుని ఏడుస్తూ నేను వెనకాల. జెట్టీ నిండా జనం. ఖలాసీ అలవాటు ప్రకారం "ఫస్ట్!" అని అరిచాడు. తెల్ల ప్యాంటు ఆయన ఒకడు బోటెక్కే పలక మీద కాలు పెట్టబోయాడు. అత్త దూసుకెళ్ళి రెండు చేతులూ బారజాపి అడ్డంగా నిలబడింది.

"ఫస్ట్! ఈ పురిటి పిల్ల ఫస్ట్!"

"యే ఔరత్ కౌన్ హై?" అన్నాడాయన.

"నేనెవుర్నైతే నీకేటి? ఆ పిల్ల ఫస్ట్. నువ్వు సెకండ్. ఆగు."

సెకండ్ అనే మాట కూడా, ముందు ముందు పనికొస్తుందని సరంగు దగ్గర అడిగి పెట్టుకుందట. నిజం చెప్పుకోవాలి, ఆయన జరిగాడు. జరగడమే కాదు, వాన పడుతోందని తన గొడుగు మా అమ్మ మంచం మీద పట్టాడు. ఆ నీడ బెంచీ మీద మా అమ్మను పడుకోబెట్టారు. తమ్ముడు పుట్టాడు. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. ఈ రోజు నాకు తమ్ముడు ఉన్నాడంటే ఆ మాట పుణ్యమే. ముక్కూ మొహం తెలియని ఆ ఆఫీసరు కూడా జరిగాడని ఇక్కడ గట్టిగా రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానో ముందుకు చదివితే మీకే తెలుస్తుంది.

ఆనాటి నుంచి మా జెట్టీలో ఫస్ట్ అనే మాట అర్థం మారింది. జ్వరం వచ్చిన పిల్లాడు, కాలు విరిగిన ముసలాయన, నెలలు నిండిన ఆడమనిషి, ఎవరు వచ్చినా లైన్లోంచి ఎవరో ఒకరు "ఫస్ట్!" అనేవారు. జనం రెండుగా చీలి దారిచ్చేవారు. తెలుగువాళ్ళు, బెంగాలీలు, మలయాళీలు, రాంచీవాళ్ళు అందరికీ అదే మాట. కొత్తగా వచ్చిన ఆఫీసర్లకు ఖలాసీయే చెప్పేవాడు, యహా ఐసే హీ హై సాబ్ అని.

మంచి మాటకు దొంగలు తప్పరు కదా. మా వీధి కుర్రాడొకడు కడుపు పట్టుకుని, "ఫస్ట్, నాకు ఫస్ట్" అని మూలుగుతూ బోటెక్కాడు. సాయంత్రానికి తెలిసింది, అవతల కొత్త సినిమాకు పోయాడని. అత్త వాడి ఇంటికెళ్ళి చెవి పట్టుకుని జెట్టీ దాకా ఈడ్చుకొచ్చింది. అక్కడ అందరి ముందూ ఒక మాట చెప్పింది. "ఇనుకోండి. ఎవుడికాడు ఫస్ట్ అనుకోకూడదు. పక్కోడు అనాల. తనకి తాను ఫస్ట్ అనుకున్నోడు లాస్ట్‌కి కూడా పనికిరాడు." అదే మాకు చట్టమైంది. రాసింది కాదు, ఎవరూ సంతకం పెట్టింది కాదు. అయినా మా ఊళ్ళో ఎవరూ దాన్ని దాటలేదు.

ఆవిడ మాత్రం అసలు దాటలేదు. ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడు "ఫస్ట్ పిల్లలు, సెకండ్ సుట్టాలు" అని వడ్డించేది. తన వంతు ఎప్పుడో అడిగితే, "నన్ను నేను పిలుసుకుంటానేటి?" అనేది. మా అమ్మ తడిక మీంచి "ఒదినా, ఇప్పుడు నువ్వు ఫస్ట్, కూకుని తిను" అని కేక వేస్తే అప్పుడు కంచం ముందు కూర్చునేది. నేను బళ్ళో ఫస్ట్ వచ్చానని ఎగురుకుంటూ వెళ్ళి చెప్పినప్పుడు, "ఎవులన్నారు?" అని అడిగింది. మాస్టారు అన్నారని చెప్పాను. "అయితే సరే. నీకు నువ్వే అనీసుకున్నావేమో అనుకున్నాను" అని బెల్లం ముక్క చేతిలో పెట్టింది. ఆ రోజు నాకు ఉక్రోషం వచ్చింది. ఇప్పుడు బళ్ళో పిల్లలకు పాఠాలు చెప్తూ, ఆ ఒక్క ప్రశ్నా వాళ్ళనీ అడుగుతుంటాను.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను.

ఆ రోజు పొద్దున్నే ఒక బోటు చెడిపోయింది. ఉన్న ఒక్కటే తిరుగుతోంది. జెట్టీలో ఇసుక వేస్తే రాలనంత జనం. అత్తకు రాత్రి నుంచి గుండెల్లో పట్టేసినట్టు ఉందట. భర్త పోయి చాలా కాలమైంది, కూతురు ఎక్కడో దూరంగా రంగత్‌లో ఉంటుంది. ఎవరికీ చెప్పకుండా సంచి పట్టుకుని ఒక్కతే ఆస్పత్రికి బయల్దేరింది. నేను అప్పటికే అవతలి ఒడ్డున బళ్ళో ఉన్నాను. ఆ పూట ఒంటిపూట బడి. ఇంటికి వద్దామని చాతం జెట్టీకి వచ్చి నిలబడ్డాను. బోటు వచ్చింది. దిగినవాళ్ళలో మా వీధి కిరాణా కొట్టు అబ్బాయి నన్ను చూసి ఆగాడు.

"దీదీ, మీ అత్త ఉధర్ జెట్టీలో కూర్చునుంది. తబియత్ ఠీక్ లేనట్టుంది. చెమటలు పడుతున్నాయి. జల్దీ వెళ్ళండి."

"నువ్వు చూశావా?"

"హా దీదీ. అడిగాను కూడా. ఏంటత్తా, బాగాలేదా అని."

"ఏమంది?"

"బానే ఉంది, నువ్వెక్కరా అంది."

"నువ్వెక్కేశావా?"

వాడు తల దించుకున్నాడు. "లైన్ బహుత్ బడా ఉంది దీదీ. బ్యాంకు మూసేస్తారని... ఎవరో ఒకరు అంటారులే అనుకున్నా."

వీణ్ణి చిన్నప్పుడు జెర్రి కుట్టి నీలం తిరిగిపోతే, చంకనేసుకుని జెట్టీకి పరుగెత్తింది అత్తే. వీడి కోసం గొంతు చించుకుని ఫస్ట్ అని అరిచింది అత్తే. వీడికి బ్యాంకు మూసేస్తారట! వాడి వెనకాల దిగుతున్న వాళ్ళందరినీ చూశాను. అందరూ తెలిసిన మొహాలే. ఈయన తల్లికి పక్షవాతం వచ్చినప్పుడు, ఆమె కోడలికి పురిటి నొప్పులప్పుడు, ఇంకొకడి చెయ్యి మిల్లులో నలిగినప్పుడు, ప్రతి ఇంటికీ ఆ మాట ఒకసారి అక్కరకొచ్చింది. అందరూ ఆవిణ్ణి చూశారు. చాలామంది పలకరించారు కూడా. పలకరించి, ఆవిడ బానే ఉందన్నదని నమ్మి, పలక మీద నుంచి నడిచి ఎక్కేశారు. తన నోటితో తాను ఫస్ట్ అనదని మా ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలుసు. తెలిసే ఎక్కారు. వీళ్ళ నోట్లో నాలుకలు లేవా? ఒక్క మాట! రెండక్షరాల మాట! సిగ్గుండాలి.

ఆ బోటులోనే వెనక్కి వచ్చాను. సరంగును తొందరపెట్టాను, తిట్టాను, ఏడ్చాను. ఇవతల దిగేసరికి దిమ్మ చుట్టూ జనం మూగి ఉన్నారు. అత్త స్తంభానికి తల ఆనించి కూర్చునే ఉంది. ఎవరో తువ్వాలుతో గాలి విసురుతున్నారు. నేను చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. విసరడం ఆపమని చెప్పాను.

మర్నాడు రంగత్ నుంచి కూతురు వచ్చాక ఇంట్లో ప్రార్థన పెట్టారు. ఒకాయన లేచి "సేవలో ఈ తల్లి ఎప్పుడూ ఫస్ట్" అని గద్గదంగా మాట్లాడాడు. ఆయనా ఆ బోటులోనే వెళ్ళాడు. నేను లేచి బయటికి వచ్చేశాను. లేకపోతే ఆ శవం ముందే నా నోటికి పని చెప్పేదాన్ని.

భర్త సమాధి అవతలి ఒడ్డున చర్చి తోటలో ఉంది. పక్కనే పెట్టాలని కూతురి కోరిక. ఆ మర్నాడు పెట్టెను భుజాల మీద జెట్టీకి మోసుకొచ్చారు. ఆ రోజూ లైన్ పెద్దదే. పెట్టె కనపడగానే ముందుగా ఆ కొట్టు అబ్బాయే ఏడుపు గొంతుతో "ఫస్ట్!" అన్నాడు. తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత జెట్టీ జెట్టీ అంతా "ఫస్ట్, ఫస్ట్" అంటూ రెండుగా చీలిపోయింది. అంత చక్కటి దారి మా జెట్టీలో ఎవరికీ ఎప్పుడూ దొరకలేదు.

"దింపండి," అన్నాను మోసేవాళ్ళతో. "ఇక్కడ దింపండి."

వాళ్ళు కూతురి వైపు చూశారు. ఆ పిల్ల నా మొహం చూసి, "అక్క సెప్పినట్టు దింపండి" అంది. పెట్టెను సిమెంటు నేల మీద పెట్టారు.

"ఇప్పుడు ఆవిడకి తొందరేటి?" అని అరిచాను. నాకు తెలియకుండానే ఆవిడ యాసే నా నోట్లోకి వచ్చింది. "మొన్న తొందర. మొన్న అనాల. ఇప్పుడు మీరే ఎక్కండి. మీకు పన్లున్నాయి కదా, బ్యాంకులున్నాయి కదా. ఎక్కండి! మొన్న ఎక్కినట్టే ఎక్కండి!"

ఎవరూ కదల్లేదు. సరంగు గంట కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. "చలో భాయ్, ఎవరైనా ఎక్కండి, టైమైంది" అని ఖలాసీ బతిమాలాడు. పసిపిల్లలను ఎత్తుకున్న ఆడవాళ్ళూ, ఆఫీసు సంచుల వాళ్ళూ, చేపల బుట్టల వాళ్ళూ అందరూ ఉన్నచోటనే నిలబడిపోయారు. ఖలాసీ కాసేపు చూసి, పలక లాగేసి తాడు విప్పాడు. ఒక్క మనిషైనా లేకుండా బోటు జెట్టీని వదిలి, మెల్లగా తిరిగి, చాతం వైపు పోతుంటే మేమందరం ఇవతలే నిలబడి చూశాం.