చీకటి మెట్ల మీద చూసి కొన్న కెమెరా

జహీరాబాద్ బస్టాండుకు దగ్గర్లో మా ఆయన ఫోటో స్టూడియో నడిపేవాడు. ఎనభైల్లో పెళ్లిళ్లకు వీడియో తీయించుకోవడం మా వైపు మొదలయ్యాక, ఉత్త ఫోటోలు తీస్తామంటే ఎవరూ ఒప్పుకునేవారు కాదు. పెళ్లి పని దొరికినప్పుడల్లా ఆయన హైదరాబాద్ వెళ్లి వీడియో కెమెరా కిరాయికి తెచ్చేవాడు. అది రెండు ముక్కలు. కెమెరా ఒక భుజం మీద, రికార్డరు ఇంకో భుజానికి సంచిలో, రెంటినీ కలుపుతూ లావుపాటి తీగ. పైగా దానికి పెద్ద లైటు ఉండాలి.

తీసినదాన్ని కోసి, కలిపే పని నాది. ఇంట్లో రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టుకుని, ఒకదాంట్లో ఆడిస్తూ కావలసినంత వరకే రెండోదాంట్లోకి ఎక్కించేదాన్ని. మొదట్లో ఆయనే చేసేవాడు. నాలుగు గంటల పెళ్లిని కూర్చుని చూసే ఓపిక ఆయనకు లేక అది నా చేతికి వచ్చింది. నాకు నచ్చింది కూడా.

ఒకసారి కోహీర్‌లో ఒక రైతు ఇంట్లో పెళ్లి. లోపలి గదిలో పెళ్లికూతుర్ని చేస్తున్నారు, అంతా ఆడవాళ్లే. మా ఆయన లైటు వేసుకుని లోపలికి పోగానే సగం మంది ముఖానికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. పెళ్లికూతురి నాయనమ్మకు అంతకు ముందే కంటి ఆపరేషన్ అయిందట.

"నీ లైటు బందు వెట్టు బిడ్డా! నా కండ్లు పోతున్నయ్!" అని ఆమె మొత్తుకుంది.

లైటు ఆర్పితే ఆ కెమెరాలో ఏమీ కనపడదు. ఆయన ఏం చేయాలో ఆలోచిస్తుండగానే ఫ్యూజు పోయి ఇల్లంతా చీకటైంది. తర్వాత ఆ క్యాసెట్టు ముందేసుకుని కూర్చుంటే అందులో నాకు దొరికింది పందిట్లో మగవాళ్లు కూర్చోవడం, లేవడం, భోంచేయడం. పెళ్లికూతురి ముఖం సరిగ్గా కనపడేదే తక్కువ.

ఆ తర్వాతే సొంత కెమెరా కొనాలనుకున్నాం. ఆయన మనసులో ఏది ఉందో నాకు తెలుసు.

"కొంటే పెద్దదే కొనాలె. భుజం మీద పెట్టుకుంటే సినిమావాళ్ల లెక్కుంటది. మనిషికి జర ఇజ్జత్ ఉంటది" అన్నాడు.

"లోపటికి నేను పోత. ఆడోళ్ల కాడ నేనే తీస్త. నా చేతికి ఆగేది చూడున్రి" అన్నాను.

"నువ్వు తీస్తవా?"

"కోసి కలిపేది నేనే గద. ఏది తియ్యాల్నో నాకెరుకనే."

రెండు రోజులకు, "నువ్వు గూడ రా బొంబాయికి" అన్నాడు.

బొంబాయి బస్సులు మా ఊరి మీదుగానే పోయేవి. బొంబాయిలో ఒక బజారులో వీడియో సామాను అమ్మే దుకాణానికి వెళ్లాం. దుకాణదారు హిందీలో, మేం మా జహీరాబాద్ ఉర్దూలో మాట్లాడుకున్నాం. అతను రెండు కెమెరాలు బల్ల మీద పెట్టాడు. రెంటిలోనూ రికార్డరు లోపలే ఉంది, సంచి మోయనక్కర్లేదు. ఒకటి భుజం మీద పెట్టుకునేది, ఇంట్లో వీసీఆర్‌లో వేసే పెద్ద క్యాసెట్టే అందులోనూ పడుతుంది. రెండోది అరచేతిలో పట్టేంత, దాని క్యాసెట్టు కూడా చిన్నదే. దుకాణం నిండా ట్యూబులైట్లు ఉండటంతో టీవీలో రెండు బొమ్మలూ ఒకేలా కనపడ్డాయి.

దుకాణం వెనక పై అంతస్తుకు పోయే మెట్లున్నాయి, అక్కడ వెలుతురు లేదు. ఆ మెట్ల మీద తీసి చూస్తామని అడిగాను. దుకాణదారు కాసేపు నసిగి, చివరికి తానే వెంట వచ్చాడు. మా ఆయన్ను మెట్ల మీద నిలబెట్టి రెంటితోనూ తీశాను. మధ్యలో కావాలనే ఆపి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆపాను.

టీవీకి తగిలించి చూస్తే పెద్దదాంట్లో మా ఆయన ముఖం నల్లగా, ఇసుక చల్లినట్టు ఉంది. ఆపి మొదలుపెట్టిన ప్రతిచోటా బొమ్మ ఎగిరి, రంగు గీతలు అడ్డంగా పోయాయి. ఇంట్లో నన్ను రోజూ సతాయించేవి ఆ గీతలే. చిన్నదాంట్లో ముఖం తెలుస్తోంది, ఒక బొమ్మ పోయి ఇంకో బొమ్మ సాఫీగా వచ్చింది.

"మంచిగనే ఉంది గని, గీ చిన్న క్యాసెట్టు మన దిక్కు దొరుకుతదా? పెద్దదైతే యాడనైన దొరుకుతది" అన్నాడు మా ఆయన.

"ఈడనే ఇన్ని కొనుక్కపోదాం" అన్నాను.

ఆయన టీవీలో తన ముఖాన్ని మరోసారి చూసుకున్నాడు. "గంత చీకట్ల గింత సాఫ్ వచ్చిందేందే!" అన్నాడు. చిన్నదే కొన్నాం, దాంతోపాటు కొన్ని క్యాసెట్లు కూడా.

దానితో మొదటి పెళ్లి చిరాగ్‌పల్లిలో. పెళ్లికూతురి తండ్రి మా కెమెరాను చూసి మొహం మాడ్చుకున్నాడు.

"గిదేంది, ఆడుకునేది తెచ్చిన్రు? లైటు గూడ లేదాయె."

"తీసినంక చూడున్రి పటేలా" అన్నాడు మా ఆయన. కానీ ఆ మాట ఆయనకు గుచ్చుకుందని తెలుస్తూనే ఉంది.

నేను లోపలి గదికి పోయాను. ఒక్క బల్బు వెలుగుతోంది. ఆడవాళ్లు పసుపు దంచుతున్నారు, పాట మధ్యలో మరిచిపోయి ఒకరినొకరు చూసి నవ్వుతున్నారు. పెళ్లికూతురు నోటినిండా లడ్డు పెట్టుకుని వాళ్లమ్మతో తిట్లు తింటోంది.

"అక్కా, గిది నడుస్తుందా, ఉత్తగనే పట్టుకున్నవా?" అని ఒకామె అడిగింది. నడుస్తోందన్నాను. ఆమె కొంగు సర్దుకుంది, ఆ తర్వాత నా సంగతే మరిచిపోయింది. ముఖం దాచుకున్నవాళ్లు ఎవరూ లేరు.

పెళ్లికొడుకు వాళ్లది కర్ణాటక వైపు ఊరు. ఎదుర్కోలు హైవే మీదే జరిగింది. బ్యాండు వాయిస్తూ నిలబడితే వెనక లారీలు బారులు తీరాయి, డ్రైవర్లు దిగి వచ్చి చిందులేశారు. కెమెరా అప్పుడు మా ఆయన చేతిలో ఉంది. సంబరంగా అంతా తీశాడు. ఇద్దరం అలా తీస్తూ పోతే, సరిగ్గా అప్పగింతల వేళకు క్యాసెట్లు నిండిపోయాయి.

"ఇంకోటి లేదా?" అన్నాడు మా ఆయన.

"లేదు."

"నేను బొంబాయిలనే చెప్పిన, మన దిక్కు దొరకయని" అన్నాడు. సంచి అడుగు నుంచి మామూలు ఫోటో కెమెరా తీసి, తండ్రి బిడ్డ చేతులు పట్టుకుని అప్పజెప్పడం, తల్లి గుమ్మానికి ఆనుకోవడం అన్నీ ఫోటోలు తీశాడు.

ఇంటికొచ్చాక ఆయన ఫోటోలు పెద్దవిగా కడిగాడు. వాటిని కిటికీ పక్క గోడకు అంటించి, వీడియో కెమెరాను తీగతో నేరుగా వీసీఆర్‌కు తగిలించి, ఒక్కోదాన్ని పెద్ద క్యాసెట్టులోకే తీశాను. ముందు తండ్రి ముఖం, అక్కణ్నుంచి మెల్లగా కిందికి, పట్టుకున్న చేతుల దాకా. వెనక సన్నాయి చప్పుడు పెళ్లి క్యాసెట్టులోంచి ఎక్కించాను. ఇద్దరం మూడు మధ్యాహ్నాలు దాని మీదే ఉన్నాం.

క్యాసెట్టు ఇవ్వడానికి పోయి, ఉన్నమాట ముందే చెప్పాం. చివర రీలు అయిపోయిందనీ, ఫోటోలు కలిపామనీ అంటే పటేల్ ముందు వేసి చూపించమన్నాడు. ఇల్లంతా, పక్కింటివాళ్లంతా టీవీ ముందు చేరారు. పసుపు దంచేచోట ఆడవాళ్లు తమను తాము చూసుకుని అరిచారు. చివరికి అప్పగింతలు వచ్చాయి.

తెర మీద బిడ్డ చేతులు కనపడగానే పటేల్, "జర ఆపయ్యా" అన్నాడు.

"ఆగే ఉంది పటేలా, అది ఫోటో" అన్నాడు మా ఆయన.

పటేల్ తువ్వాలతో ముఖం తుడుచుకుని, అక్కణ్నుంచి మళ్లీ వేయమన్నాడు. మళ్లీ వేశాం.

కొద్దిరోజులకు అదే ఊరి నుంచి ఇంకో పెళ్లి పని మీద ఇద్దరు స్టూడియోకు వచ్చారు. నేను అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చి లోపల ఉన్నాను. వాళ్లు తారీఖు చెప్పి, "అక్క వస్తదా?" అని మా ఆయన్ను అడిగారు.

ఆయన నా వైపు చూపించి, "ఆమెనే అడుగున్రి" అన్నాడు.