పద్మ గీసిన పటం

ఇయ్యాల గద్వాల బస్టాండుల పక్కన కూసున్నాయన సంచిలకెల్లి పత్తిమందు వాసన వచ్చింది, ఆ వాసన నాకు ఐదో తరగతిది; వడ్డేపల్లి దిక్కు మా బడికి మూడు పక్కల విత్తనాలకు పెంచే సీడు పత్తి చేన్లే ఉండె, మందు కొట్టినప్పుడల్లా కిటికీలు మూసి, ఉక్కపోతల, గోనెసంచుల మీద కూసొని ఎక్కాలు చదివేటోళ్లం.

నేను క్లాస్ లీడర్‌ని. సారు పక్క తరగతికి పోతే కదిలినోళ్ల పేర్లు బోర్డు మీద రాసుడు నా పని, మళ్ల కదిలితే పక్కన ఇంటూ గుర్తు, ఒక్కో ఇంటూకు ఒక్కో దెబ్బ. మా వాడకట్టు పద్మ పేరు రోజూ ఉండేది. దానికి ఒకతాన కూసునుడు చాతగాకపోతుండె, అక్షరాలు చూస్తే తలకాయ తిప్పుకునేది. కానీ ఒక్కసారి చూసినదాన్ని మర్సిపోయేది కాదు. పీర్ల పండుగకు మలీద ముద్దలు తినుకుంట ఊరంతా తిరిగొచ్చి, ఇల్లిల్లూ సందుసందూ మట్టి మీద పుల్లతోటి గీసి చూపిచ్చేది, మీదికెల్లి కాకి చూసినట్టు.

ఒకనాడు సారు అప్పటి ఉమ్మడి జిల్లా పటం గీసుకరమ్మన్నడు. నాకు రాలె, పద్మతోటి గీయించిన. గోడమీది పటం ఒక్కసారి చూసొచ్చి కృష్ణ వంపులన్నీ ఒక్క గీతల దించింది, పెబ్బేరు, వనపర్తి, కల్వకుర్తి ఉండేతాన చుక్కలు పెట్టింది. పేర్లు దానికి చదవరావు, అవి నేను రాసిన. తెల్లారి సారు నన్ను మెచ్చుకున్నడు, పద్మను కదిలిందని కొట్టిండు. గిసుంటి పిల్లలు వేరే తీర్గ నేర్సుకుంటరని ఆయనకు మాత్రం ఎవరు చెప్పిండ్రు?

గా సాయంత్రమే పద్మ వాళ్లమ్మ బిడ్డను వెంటబెట్టుకొని మా వాకిట్లకు వచ్చింది. చేన్లల్ల క్రాసింగ్ మొదలైంది, చిన్నచేతులైతే మొగ్గల రెక్కలు ఒలిచి పుప్పొడి అద్దేందుకు సులువని ఆడపిల్లలను తోల్కపోయే కాలమది.

"లీడరువు గద బిడ్డా, నిజం చెప్పు. దీనికి సదువొస్తదా? వస్తదంటే బడికే తోలుత."

పటం సంగతి చెప్తే నా గుట్టు బయటపడ్తది. "దానికేం రాదత్తా" అని అనేసిన. పద్మ నన్నే చూసింది. మర్నాటి నుంచి బడికి రాలె. నేను ఏడ్సిన గని, ఎవరికీ చెప్పలె.

ఇప్పుడు ఆ బడిల గోనెసంచులు లేవు, బల్లలొచ్చినయ్, బెత్తం పోయింది, చుట్టూ చేన్లు పోయి ప్లాట్లు పడ్డయ్. కిందటి నెల పద్మ ఇంటికి పోయి, పత్తికాయలు ఒలుస్తున్న దాని ముందర కూసొని అంతా ఒప్పుకున్న. పటం గీసింది నువ్వేనని మీ అమ్మకు నువ్వన్నా చెప్పకపోతివేందే అనడిగిన.

"లీడరువు నువ్వే ఏం రాదంటివి," అన్నది పద్మ తలెత్తకుండనే. "పటం గీసుడు సదువు కాదేమో అనుకున్న."