మేనకోడలి మనసు మార్చడానికి జిగణి దాకా

నన్ను చూసి ఎవరైనా బాగుపడతారని మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనుకోలేదు. అలాంటిది రెండువేల మూడు వేసవిలో మా చెల్లెలు లక్ష్మీదేవి బెంగళూరు పక్కనున్న హెబ్బగోడి నుంచి ఫోన్ చేసి, "అన్నా, నువ్వు ఉన్నపళంగా బయల్దేరి రావల్ల. మా హేమకు నిన్ను చూపించల్ల" అంది.

సంగతి ఏమిటంటే, హేమ పీయూసీ, అంటే మన ఇంటరు, మంచి మార్కులతో పాసై, ఇంజనీరింగు చేరనంటే చేరనని, చరిత్ర చదివి తవ్వకాల పనికి పోతానని మొండికేసింది. పాత గుళ్లలో నిధుల కోసం ప్రాణాలకు తెగించి తిరిగే హీరోలను టీవీలో చూసి పిల్ల చెడిపోయిందని మా చెల్లెలి నమ్మకం. నేనేమో అనంతపురంలో ఇరవై రెండేళ్లుగా ఆ పనిలోనే ఉన్నాను. రాతి శాసనాల మీద తడి కాగితం పరిచి, సిరా అద్ది, అచ్చులు తీయడం నా ఉద్యోగం. చేరిన రోజు ఏ కుర్చీలో కూర్చున్నానో నేటికీ అదే కుర్చీ. దాని కాలు ఒకటి మారింది గానీ నేను మారలేదు.

"నువ్వేం చెప్పే పని లేదన్నా. వచ్చి దాని ఎదురుగా కూర్చో. ఆ చెప్పులు, ఆ సంచి చూస్తే చాలు, పిల్ల దానంతట అదే మానుకుంటాది" అని చెల్లెలు ధైర్యం చెప్పింది. కాలేజీ ఫారం సోమవారం లోపల ఇచ్చేయాలట. నాకు ఒళ్లు మండింది. కానీ నిజం చెప్పొద్దూ, నా మేనకోడలు నాలాగా తయారు కావడం నాకూ ఇష్టం లేదు. ఆఫీసులో సెలవు చీటీ పెట్టి బయల్దేరాను.

శుక్రవారం ఉదయం ఆరింటికి అనంతపురంలో ప్యాసింజరు. టికెట్టు చవక, సీటు చెక్క. ధర్మవరంలో ఒక బోరుబండి మేస్త్రీ ఎక్కి నా పక్కన కూర్చున్నాడు.

"ఏం పని సారూ మీది?"

"తవ్వకాలు."

"ఎన్ని అడుగులు పోతారు?"

"ఆరు, మహా అయితే ఎనిమిది."

అతను నన్ను జాలిగా చూశాడు. "మేము ఆరునూర్ల అడుగులు పోయినా దుమ్మే వస్తాండాది. మీకు ఎనిమిదడుగుల్లో ఏం పడతాది సారూ?"

"కుండపెంకులు" అన్నాను. అతను సంచిలోంచి ఉడకబెట్టిన శనక్కాయలు గుప్పెడు తీసి నా చేతిలో పోశాడు. మా వృత్తికి దొరికే గౌరవాల్లో అది పెద్దదే.

ఎదురు సీటులో చీరల మూట పెట్టుకున్న పెద్దాయన మాత్రం పెనుకొండ దాటేదాకా ఆగి, ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "నిజం చెప్పప్పా, ఎన్ని నిధులు దొరికినాయి?" లేదని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. హిందూపురంలో టీ తాగేటప్పుడు కూడా నా సంచి వైపే చూస్తూ ఉన్నాడు.

పన్నెండున్నరకు బెంగళూరు. స్టేషన్ బయట నిలబడి తినే హోటల్లో రెండు ఇడ్లీలు, ఒక వడ, లోటాలో కాఫీ. కూర్చోవడానికి చోటు ఉండదు, కాబట్టి ఎవరూ ఎక్కువసేపు తినరు. మెజెస్టిక్ బస్టాండులో అత్తిబెలె వైపు పోయే బస్సు ఎక్కితే హెబ్బగోడిలో దింపుతాడు. హోసూరు రోడ్డు పొడవునా గుంతలే గుంతలు. ఆ దారిలో ఒక్క ఏడాదిలో జరిగిన తవ్వకం మా ఆఫీసు పుట్టినప్పటి నుంచీ జరగలేదని ప్రమాణం చేసి చెప్పగలను. అక్కడ కూడా నిధులేం దొరికినట్టు లేదు, మళ్లీ పూడ్చేస్తున్నారు.

చెల్లెలి ఇల్లు చేరేసరికి రెండున్నర. ముందు ఒక గది, దాని గోడ మీద హేమ అంటించిన హీరోల బొమ్మలు, వెనక వంటిల్లు. మా బావ నారాయణప్ప జిగణిలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. వంటింట్లో దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పటం ముందు తళతళలాడే రంగుల పుస్తకం ఒకటి పెట్టి, దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. దేవీ మహాత్మ్యం కాబోలు అనుకుని కళ్లకద్దుకోబోయాను. ఇంజనీరింగు కాలేజీ వివరాల పుస్తకం. ఫారం అందులోనే ఉంది, దాని మూలకు కూడా పసుపు, బొట్టు.

చెల్లెలు నన్ను హేమ ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది. చెప్పులు బయట విడవబోతే, "లోపలే పెట్టన్నా, కనపడనీ" అంది. తర్వాత కూతురి వైపు తిరిగి, "చూడు, మీ మామ చేసేదీ ఆ తవ్వకాలు, శాసనాల పనే" అంది. అరిగిన మడమల వైపు హేమ చూసింది. సంచి చూసింది. నన్ను చూసింది. ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి.

"మామా, నువ్వు నిజంగా శాసనాల పని చేస్తావా? గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా అని చెప్పింది అమ్మ! ఇన్నేండ్లు ఎందుకు దాచిపెట్టినారు?"

చెల్లెలు నా వైపు గుడ్లురిమి చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆరింటికి బావ వచ్చాడు. కేబుల్లో హేమ మెచ్చే డబ్బింగు సినిమా కూడా వచ్చింది. అందులో దొర ఒకాయన ప్రొఫెసరు. తాడు పట్టుకుని అడవి మధ్యలో గుడి కప్పు నుంచి దూకాడు. బూట్లు విప్పలేదు. అనుమతి కాగితం లేదు. టేపు పెట్టి కొలవలేదు. వెయ్యేళ్లు ఎండకూ వానకూ నిలిచిన గుడి, ఆయన అడుగుపెట్టిన పావుగంటకు కుప్పకూలింది. ఆయన మాత్రం దుమ్ము దులుపుకుని నవ్వుతూ బయటికొచ్చాడు. మా తాలూకాలో నిధి కోసం నంది విగ్రహం పొట్ట పగలగొట్టినవాణ్ణి పోలీసులు సంకెళ్లు వేసి తీసుకుపోయారు. ఈయనకు చివర్లో పెళ్లి చేశారు.

"ఈయన వద్దులే, ఇంకో ఆమె ఉండాది" అని హేమ పక్కింటివాళ్ల కంప్యూటరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆటలో ఒక అమ్మాయి గోడలు ఎగిరి దూకుతూ సమాధుల్లో తిరుగుతోంది. దొరకంటే నయం, కట్టడాలు కూల్చదు. కానీ కనిపించిన ప్రతి కుండనూ తన్ని పగలగొట్టి, లోపలున్న మందుల డబ్బా తీసుకుని పరుగెత్తుతుంది. ఒకే కుండ తాలూకు పెంకులకు నంబర్లు రాసి అతికించడానికి నాకు మూడు నెలలు పట్టిన రోజులున్నాయి. ఆ అమ్మాయి నిమిషానికి ఎనిమిది పగలగొట్టింది, పైగా వాటికి మార్కులు.

మేం ఇంటికి తిరిగొచ్చాక బావ తన వంతుగా, చిన్నప్పుడు వారపత్రికలో చదివిన సీరియల్ నవల గురించి చెప్పాడు. "మన తెలుగు ప్రొఫెసరే బావా. ఆయన ఏమీ తవ్వడు. మాంత్రికుడు తవ్వి పెడతాడు, ఈయన వచ్చి నాలుగు మాటలు చెప్పి పేరు తెచ్చుకుంటాడు." ముగ్గురిలో మా ఆఫీసు పెద్దలకు బాగా దగ్గరివాడు ఇతనే అనిపించింది.

"ఒక్కటి చూడు హేమా" అన్నాను. "ఇంత మందిలో ఎవరైనా ఒక పని చెడిపోతే కూర్చుని మళ్లీ మొదటి నుంచి చేశారా? మా పనంతా అదే. పాము కూడా నాకు ఇరవై రెండేళ్లలో ఒక్కటే ఎదురైంది. అది అటు పరుగెత్తింది, నేను ఇటు పరుగెత్తాను."

"అయితే నిజం పని చూపించు మామా."

చెల్లెలు వంటింట్లోంచి తొంగి చూసి నాకు కన్ను గీటింది. "చూపించన్నా. బాగా ఎండలో కూర్చోబెట్టు."

"మా ఫ్యాక్టరీ గోడ ఎనక ఏవో అక్షరాలుండే రాయి ఒకటి ఉండాది. ఆడోళ్లు సున్నం కొట్టి మొక్కుతుంటారు" అన్నాడు బావ. కాగితం, బ్రష్షు, సిరా గుడ్డ నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. పిల్లను విసిగించడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదని నాకూ తోచింది.

శనివారం ఏడుంబావుకు హేమా నేనూ జిగణి బస్సెక్కాం. దిగిన చోట నుంచి గ్రానైటు కోసే షెడ్ల మధ్యగా నడక, తెల్లటి బురద కాళ్లకు అంటుకుంటుంది. వెళ్లేవారు పాత చెప్పులు వేసుకోండి, నాకు ఆ ఇబ్బంది లేకపోయింది. గోడ వెనక నడుమెత్తు రాయి, ఒళ్లంతా సున్నం, పైన పచ్చ గాజులు, రవిక గుడ్డ. పక్కనే బండి మీద టిఫిన్ అమ్ముతున్న చెన్నమ్మ, మడకశిర నుంచి వచ్చి పన్నెండేళ్లయిందట. రాయికి పూజారి ఆమే.

"అమ్మ ఒళ్లు తోముతారా? కోపం వస్తాదేమో" అంది.

హేమ ఆమె చేతిలోని కర్పూరం తీసుకుని తానే వెలిగించి, దండం పెట్టి అడిగింది. చెన్నమ్మ ఆ హారతి కళ్లకద్దుకుని, "సరేలే పాపా, మధ్యాన్నం షిఫ్టోళ్లు వచ్చే లోపల ముగించండి" అంది. ముందు చెప్పిన ముగ్గురు హీరోలకూ తోచని పని, అలా అడగడం.

పీచుతో, నీళ్లతో సున్నం వదిలించడానికే రెండు గంటలు. నీళ్లు బోరింగు నుంచి హేమ మోసింది. తర్వాత తడి కాగితం పరిచి, అక్షరాల పల్లాల్లోకి దిగేలా బ్రష్షుతో కొట్టాలి. భుజం పోతుంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ప్రతి అరగంటకూ, "ఇంటికి పోదామా?" అని అడుగుతూ వచ్చాను.

"రోజూ ఇంతేనా మామా?"

"ఇంతే."

"ఎవరూ తరమరా?"

"ఆకలి తరుముతుంది."

పదకొండింటికి సిరా అద్దడం అయ్యింది. కాగితం పూర్తిగా ఆరకముందే, షిఫ్టు వేళవుతోందన్న తొందరలో, ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న ఈ మహానుభావుడు కొస పట్టుకుని లాగాడు. పర్రుమని అడ్డంగా చిరిగింది. నా ముఖం మాడిపోయింది. సరే, ఇక పిల్ల లేచి చేతులు దులుపుకుంటుంది, వచ్చిన పని అయిపోతుంది అనుకున్నాను.

హేమ చిరిగిన కాగితాన్ని చూసింది. చెంపకు అంటిన సిరాను మోచేత్తో తుడుచుకుంది. "ఇంకో కాగితం ఉండాదా మామా? మళ్లీ వేద్దాం" అని బిందె పట్టుకుని బోరింగు వైపు నడిచింది.

అక్కడే నేను ఓడిపోయాను.

రెండో అచ్చు ఒంటిగంటకు చక్కగా లేచింది. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు. పాత కన్నడం, మన అక్షరాలకు తోబుట్టువే. నేను ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి ఇప్పటి రూపం చెబుతుంటే, కన్నడంలో చదువుకున్న పిల్ల కూడబలుక్కుంది. "మగ... అంటే కొడుకు. ఎవరి కొడుకో. తుఱు..."

"ఆవులు. ఆ పక్క మాటకు ఎత్తుకుపోవడం అని అర్థం."

"సత్తం. సచ్చిపోయినాడు! మామా, ఆవుల్ని ఎత్తుకుపోతుంటే అడ్డం పడి సచ్చిపోయినాడు!" పేరున్న చోట రాయి పెచ్చు లేచిపోయింది. కింద బొమ్మలో కత్తీ డాలూ పట్టిన మనిషి ఒకడు, వాడి వెనక మూడు ఆవులు.

షిఫ్టువాళ్లకు ఇడ్లీ కడుతున్న చెన్నమ్మ చేయి ఆగింది. "మొగోడా? పన్నెండేండ్లుగా గాజులు పెడతాంటి గదప్పా!" అని నోరు నొక్కుకుంది. ఆమె దగ్గరికి వచ్చి బొమ్మను చాలాసేపు చూసింది. "పోనీలే. ఎవరో తల్లి కన్నబిడ్డ. ఈ ఫ్యాక్టరీల మధ్య ఆయప్పకు ఇంత నీళ్లు పోసేవాళ్లు మాత్రం ఎవరుండారు? ఉండనీ గాజులు" అని గాజులు మళ్లీ రాతిపైన సర్దింది.

హేమ కళ్ల నిండా నీళ్లు. వందల రాళ్లకు అచ్చులు తీశాను, చుట్టలు చుట్టి బీరువాల్లో పెట్టాను. చదివి చెప్పాక ఒక మనిషి పనాపి వినడం అదే మొదటిసారి. ఈ ఉద్యోగం నాకు ఇంత ఇష్టమని నాకే తెలియదు.

నాలుగింటికి ఇల్లు చేరగానే చెల్లెలు నన్ను వంటింట్లోకి పిలిచింది. "మానుకునిందా?"

"లేదమ్మా. నా వల్ల కాలేదు. ఆ పని చెడ్డదని నేను అబద్ధం చెప్పలేను" అన్నాను.

"మాన్పించమని పిలిస్తే మందు పెట్టి వచ్చినావే! నీ మాదిరి చెప్పులు అరగదీసుకుంటా తిరగాల్నా నా బిడ్డ?" లోపలున్న నా చెప్పులు తీసి గడప బయట పెట్టాను. శనివారం ఒంటిపూట డ్యూటీ చేసి వచ్చిన బావ లేచి వాకిట్లోకి వెళ్లాడు.

హేమ అచ్చును నేల మీద పరిచి, అమ్మ విన్నా వినకపోయినా, మొదటి నుంచి చివరిదాకా చదివింది. చెన్నమ్మ మాటలు కూడా చెప్పింది. చెల్లెలు చపాతీలు ఒత్తుతూనే ఉంది. ఒక్కసారి మాత్రం, "ఆ పిల్లోనికి వయసెంత ఉన్నింటాది?" అని అడిగింది. "రాయలేదమ్మా" అంది హేమ. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఆదివారం పదకొండింటికి బయల్దేరాను. చెల్లెలు ముఖం చూపించకుండా అన్నం పొట్లం నా సంచిలో పెట్టింది. బస్టాపు దాకా హేమ వచ్చింది. "గోడ మీద ఆ హీరోల బొమ్మలు పీకేస్తావా?" అని అడిగాను. "ఎందుకు మామా? పని చేతకాకపోయినా చూడ్డానికి బాగుండారు కదా" అంది.

మధ్యాహ్నం రెండుంబావు ప్యాసింజరు కిటకిటలాడుతోంది. యలహంకలో సీటు దొరికింది. హీరోల పోటీలో ఎవరికి మార్కులు వేయాలా అని దొడ్డబళ్లాపురం దాకా లెక్క చూశాను. గుడి కూల్చకుండా, కుండ పగలగొట్టకుండా, పేరు తెలియకపోయినా రాయిని చూసుకున్నవాళ్లకే వేయాలంటే, టిఫిన్ బండి చెన్నమ్మకు మొదటి బహుమతి ఇవ్వాలి.

గౌరీబిదనూరులో పొట్లం విప్పాను. చిత్రాన్నం. అరిటాకు కింద పేపరుకు బదులు దళసరిగా, నున్నగా ఏదో కాగితం. నూనె పీల్చుకోలేక జారుతోంది. తిప్పి చూశాను. విద్యార్థి పేరు అని ఉన్న చోట ఖాళీ. పైన మూలకు పసుపు మరక, దాని మీద ఎండిన కుంకుమ బొట్టు.

పక్కనున్న ముసలమ్మ వంగి చూసింది. "అంత బాగుండే కాగితం చింపి అన్నం కట్టినారే! ఎవురప్పా?"

"మా చెల్లెలమ్మా" అన్నాను.

చిత్రాన్నంలో మిరపకాయలు కాస్త ఎక్కువయ్యాయి. కళ్లు తుడుచుకుంటూ మెతుకు మిగల్చకుండా తిన్నాను. ఆ కాగితాన్ని మాత్రం తువ్వాలుతో తుడిచి, ఆరబెట్టి, సంచిలో జిగణి అచ్చు పక్కనే చుట్ట చుట్టి పెట్టుకున్నాను.