తీసెయ్యమన్న ఫోటోలు

మార్చి నెల, సోమవారం. నరసరావుపేట నుంచి గుంటూరు వెళ్లే బస్సు. కిటికీ పక్కన నేను, నా పక్కన భుజాన తువ్వాలుతో ఒక మిర్చి రైతు.

ఆయన ఫోన్ నిండిపోయి మొరాయిస్తోంది. చూసిపెట్టమన్నాడు. అన్నీ చనిపోయిన భార్య ఫోటోలే. అవి అప్పటికే ఆన్‌లైన్‌లోకి చేరి ఉన్నాయని చెప్పాను.

"అంటే ఎక్కడున్నట్టు సార్?"

"మీరు కాయలు కోల్డ్ స్టోరేజీలో పెడతారే, అలాగన్నమాట."

"అయితే ఇంట్లో ఉంచక్కర్లేదుగా. ఫోన్లోంచి తీసేస్తే పోవుగా?"

"ఎందుకు పోతాయండీ? ధైర్యంగా తీసెయ్యండి."

ఒక్కొక్కటీ చూసుకుంటూ తీసేశాడు. "మా ఆవిడ ఎప్పుడూ ఇంతే సార్, అందరికీ చోటిచ్చి తను సర్దుకునేది" అని నవ్వి, మిర్చి యార్డు దగ్గర దిగిపోయాడు.

మర్నాడు ఉదయం ఎందుకో అనుమానమొచ్చి, నా ఫోన్‌లో ఒక ఫోటో అలాగే తీసేశాను. కంప్యూటర్ తెరిచి చూస్తే ఆన్‌లైన్‌లోనూ లేదు. తీసేసినవి కొన్నాళ్లు చెత్తబుట్టలో ఉంటాయని, ఆలోగా వెనక్కి తెచ్చుకోకపోతే పూర్తిగా పోతాయని అప్పుడు చదివాను. వెంటనే యార్డుకు వెళ్లాను. మిర్చి టిక్కీల బస్తాల మధ్య, భుజాన తువ్వాలున్న ప్రతి మనిషి మొహంలోకీ చూస్తూ తిరిగాను.

"ఎవరు కావాలండీ?" అని ఒకాయన అడిగాడు.

బస్సులో ఆ రైతు పేరైనా నేను అడగలేదు.