తన గుర్రానికి తాను దాణా పెట్టరాదు

మా కోడలు కుక్కర్లో ఉలవలు పెట్టినప్పుడల్లా, మూడో కూత రాకముందే, వంటింట్లోంచి నాకు గుర్రాల వాసన వస్తుంది. ఆ మాట పైకి అన్నానంటే ఆ పూట గుగ్గిళ్లు నా కంచం దాకా రావు కనుక నోరు మూసుకుని, ముక్కు మాత్రం తెరుచుకుని కూర్చుంటాను. ఆ వాసనకు కాస్త తడి కసువు, కాస్త లద్దె, నాడాలు కొట్టేటప్పుడు కాలిన గిట్టల కమురు కలిపితే చాలు, మెదక్ ఖిల్లా కింద ఖాసిం చాచా తబేలా తయారు.

పెంకుల కప్పు కింద వరసగా కట్టేసిన గుర్రాలు, వాన పడితే వాటి వీపుల మీంచి లేచే ఆవిరి, చలికాలంలో వాటి మీద గోనెపట్టాలు, ఎండాకాలంలో నీళ్ల తొట్టి దగ్గర తోపులాట. ఆ తొట్టి పక్కనే మేం ఆడపిల్లలం అరిగిపోయిన నాడాలతో బిళ్లలాట ఆడేవాళ్లం. ఇంట్లో జాగా గానీ తీరిక గానీ లేనివాళ్లు తమ గుర్రాలను చాచా దగ్గర ఉంచి, కావాల్సినప్పుడు తీసుకుపోయేవారు. క్రిస్మస్‌కు మా అమ్మ వండిన అరిసెలు తబేలాకు పోయేవి, రంజాన్‌కు అక్కడి షీర్ ఖుర్మా మా ఇంటికొచ్చేది. రెండిట్లోనూ గుర్రాలకు వాటా ఇవ్వాలని నేను వాదించేదాన్ని, ఆ వాటా నేనే మోసుకుపోతానని కూడా.

మా నాయన యాకోబు ఊరూరా తిరిగి దర్జీల కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఆయన ఎడమకాలు చిన్నప్పుడే ఎండిపోయింది. కుల్చారం పోవాలన్నా అల్లాదుర్గ్ పోవాలన్నా గుర్రమే ఆయనకు కాళ్లు. అది కదలని రోజు మా పొయ్యికీ సెలవే. ఎర్రగుర్రం, నుదుట తెల్లచుక్క. పేరు దొర. గడీలున్న దొరలే కమ్యూనిస్టుల సంఘం పేరు వింటే తలుపులు గడియ పెట్టుకుంటున్న రోజుల్లో మా నాయన బజారు మధ్యలో "దొరా, లద్దె తొక్కకే" అని అరిచేవాడు.

"పేరు మార్సు యాకోబూ. సంఘపోళ్లు ఇంటె దీన్ని గూడ ఉరికిస్తరు" అన్నాడు ఒకసారి ఖాసిం చాచా.

"మార్సిన చాచా. నిన్నటి సంది కామ్రేడ్ అంటున్న, పలుకుతలేదు."

మా అమ్మకు మాత్రం తబేలా గిట్టేది కాదు.

"పెరట్ల గింత జాగ ఉన్నది గద. ఈడ గడితె ఏమాయె?"

"నీకు తెల్వది. ఈడ గడితె నాడాలు ఎవలు గొడ్తరు? కడుపుల నొస్తె ఎవలు సూస్తరు? ఆడ తోడుంటది, కావలుంటది. నేను జరమొచ్చి పండినా దాని బుక్క దానికి అందుతది."

"అందరి శేతుల తిన్నది ఎవ్వలిదీ గాదు" అనేది అమ్మ, రొట్టె తిప్పుతూ.

అమ్మ ఆ మాట ఊరికే అనలేదు. తబేలాలో ఒక కట్టుబాటు ఉండేది: సాయంత్రపు దాణా ఎవరి గుర్రానికి వారు పెట్టరాదు. టాంగా మల్లయ్య మా దొరకు పెడితే, మల్లయ్య గుర్రానికి మేం పెట్టాలి. యజమాని దోసిలి వైపు గుర్రం మూతి చాపిందా, చాచా వేలితో దాని ముక్కు మీద చిన్నగా తట్టి పక్కకు మళ్లించేవాడు. మనిషి మంచాన పడ్డా, మట్టిలో పడ్డా, గుర్రం బెంగపెట్టుకుని పస్తుండకూడదని ఆయన తాపత్రయం. రెండేళ్లు తిరిగేసరికి మా దొర ఎంత బుద్ధిగా తయారైందంటే, పొద్దుగూకే వేళ నాయన చేతిలో ఉలవలు కనిపిస్తే తప్పు చేసినట్టు తల తిప్పేసుకునేది. బళ్లో నేనూ అంత బుద్ధిగా ఉండి ఉంటే మూడో తరగతి దాటేదాన్నేమో.

ఒక పొద్దున తుపాకులు పట్టుకుని ఒక గుంపు వచ్చింది. ఎవరు మీరని అడిగే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికీ లేదు. అడ్డం నిలబడ్డ చాచాను తోసేసి, తబేలాలోని గుర్రాలన్నిటినీ విప్పుకుపోయారు. ఒక్కటీ తన్నలేదు, సకిలించలేదు. ఎవరి చెయ్యయినా చెయ్యేనని నేర్చుకున్నవి కదా, పెళ్లికి పిలిచినట్టు వెంట నడిచాయి. కిరాణా వీరయ్య గుర్రం మాత్రం ఇంటి ముందు కట్టేసి ఉండేది. అది అందరినీ కరిచేది, మనసు బాగుంటే వీరయ్యనూ కరిచేది. దాన్ని విప్పబోయినవాడు బొటనవేలు పట్టుకుని పరుగెత్తాడు.

ఆ తర్వాత నాయన మిషన్ల పని మీద కర్ర పట్టుకుని ఎల్దుర్తి దాకా ఒకసారి నడిచాడు. నాలుగు రోజులు లేవలేదు.

పోలీసు యాక్షన్ అయింది, మిలిట్రీ వచ్చింది. దాని వెనకే, ఖాసిం చాచా పేరు చూసి పగ తీర్చుకోవాలనుకున్న మనుషులూ వచ్చారు. మేం లేచి చూసేసరికి తబేలా కాలిపోయి ఉంది, చాచా ఇంటికి తాళం ఉంది. ఆయన ఎటు పోయాడో, అసలు ఉన్నాడో లేడో, చెప్పేవాళ్లు లేరు.

పది దినాలకు, ఆ గుంపు వదిలేసిపోయిన గుర్రాలను సిపాయిలు ఖిల్లా కింది మైదానంలో కట్టేశారని తెలిసింది. నాయన నన్ను వెంటబెట్టుకుని పొద్దున్నే పోయాడు. దొర ఉంది! పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంది గానీ ఉంది. అయితే అల్లాదుర్గ్ వైపు ఆసామి ఒకాయన అది తనదని ప్రమాణం చేస్తున్నాడు. అబద్ధమాడాడో, అలాంటిదే నిజంగా పోగొట్టుకున్నాడో నాకు తెలియదు. మల్లయ్య సాక్ష్యం చెప్పబోతే, ఒక వాడకట్టోళ్లు ఒకే మాట చెప్తారని సిపాయిల జమేదారు కొట్టిపారేశాడు. దినమంతా నిలబెట్టి, పొద్దు వాలాక ఇద్దరి చేతుల్లో ఇన్ని ఉలవలు పోయించి, తెలుగొచ్చిన చప్రాసీతో తీర్పు చెప్పించాడు:

"ఇద్దరు పిలువుండ్రి. ఎవరి తాన తింటె వాళ్లదే."

నాయన నవ్వాడు. ఆ నవ్వు నేను ఎన్నో దినాల నుంచి చూడలేదు. "దొరా, రావే" అన్నాడు. గుర్రం చెవులు నిక్కబొడుచుకుంది. సరాసరి నాయన ముందుకు వచ్చింది. దోసిలి చూసింది. ఆకలికి చర్మమంతా వణుకుతుండగా, తప్పు చేసినట్టు తల తిప్పుకుని, పోయి ఆ ఆసామి చేతిలో తినసాగింది.

"సాబ్, నాది గాబట్టే నా తాన తినలే! నన్ను గుర్తువట్టింది సాబ్!" అని నాయన కర్ర వదిలేసి అరిచాడు. చప్రాసీ ఆ మాట తర్జుమా చేశాడు. మైదానమంతా విరగబడి నవ్వింది. నిజం చెప్పాలి, అందరూ నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది. నాయన నా వైపు చూశాడు.

ఆ తర్వాత ఆయన ఊళ్లు తిరగలేదు. మా గుమ్మంలో కూర్చుని, మిషన్లు వస్తాయని ఎదురుచూసేవాడు. ఊళ్లలో మిషన్లకు కాళ్లుంటాయి గానీ నడవవు. ఆ ఏడే నా బడి ఆగిపోయింది. అమ్మ "నేను శెప్పలే?" అని ఒక్కనాడూ అనలేదు. అని ఉంటే కొంత నయంగా ఉండేది.

ఇప్పుడు ఆ తబేలా జాగాలో ఫంక్షన్ హాలు ఉంది. బరాత్‌కు హైదరాబాద్ నుంచి ఆటో ట్రాలీలో ఒక తెల్లగుర్రాన్ని కిరాయికి తెస్తారు. పెళ్లికొడుకు దిగగానే దాన్ని మళ్లీ ట్రాలీ ఎక్కించుకుని పోతారు. మొన్న ఒక పెళ్లిలో దాని పక్కన నిలబడ్డవాణ్ని, గుర్రం ఎవరిదయ్యా అని అడిగాను. "తెల్వదు అవ్వా, నేను లైట్లోణ్ని" అన్నాడు.