టీచరమ్మ గోంగూర డబ్బా

ఒట్టు, ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. అరవై తొమ్మిది ఉద్యమం రోజుల్లోనూ దిల్‌సుఖ్‌నగర్‌లోని మా బడిలో మధ్యాహ్నం పంతుళ్లూ పిల్లలూ డబ్బాలన్నీ కలిపి, ఒకే చాప మీద తినేవాళ్లం. ఒకరోజు గుంటూరు నుంచి వచ్చిన లెక్కల టీచరమ్మ మాత్రం మూలన కూర్చున్నారు.

"రేపు మా ఊరెళ్లిపోతానండీ. ఇక్కడ నేనెవరికి కావాలి?" అన్నారు.

పొద్దున ఊరేగింపులో "జై తెలంగాణ" అని అరిచి గొంతు పోగొట్టుకున్న హెడ్మాస్టరు, ఆమె గోంగూర డబ్బా తెచ్చి చాప నడుమ పెట్టారు.

"కొట్లాట సర్కారుతోనమ్మా, నీతోని కాదు. నువ్వు పోతే గీ పోరగాళ్లకు లెక్కలెవరు చెప్తరు? జర ఇటొచ్చి కూసో," అన్నారు బొంగురుగా.

గోంగూర ముద్ద దిగగానే ఆయన గొంతు కర్మన్‌ఘాట్ దాకా ఖంగుమంది. టీచరమ్మ రిటైరయ్యేదాకా మాతోనే ఉన్నారు. అదీ మా బడి!

గొంతు సంగతి నా కల్పన. ఆయన చాలా రోజులు గుసగుసలతోనే పాఠం చెప్పారు.