అయిపోయిందండి

వరద డ్యూటీకి మా సైనిక దళం పాలకొల్లు దాటి ఓ హైస్కూల్లో దిగింది. ఉదయం ఆరుంబావు. వాన. నేను వెహికల్ మెకానిక్‌ని. పదిహేనేళ్ళ సర్వీసులో సొంత జిల్లాలో డ్యూటీ పడటం అదొక్కసారే.

మూడో రోజు ఒక ట్రక్కు ఆవిరి కక్కింది. సిలిండర్ హెడ్ విప్పాను. వంకర పోయిందేమోనని ఉక్కు బద్ద ఆనించి చూశాను. పోలేదు. హెడ్ కింద సందు మూసే గాస్కెట్ కొత్తది వేసి, బోల్టులు మధ్యలోంచి అంచులకు మూడు విడతలు బిగించాను. ఆ ఇంజన్‌కి ఇంకో విడత ఉంటుంది. కాసేపు నడిపి, చల్లారాక బిగువు కొలిచే టార్క్ రెంచితో మళ్ళీ బిగించాలి. లేకపోతే గాస్కెట్ పోయి ఇంజన్ ఆగిపోతుంది.

పది నలభైకి సుబేదార్ వరండాలోంచి బండి సంగతి అడిగారు. ఆయనది అనంతపురం.

"అయిపోయిందండి," అన్నాను.

మా గోదావరి వాళ్ళకి చెప్పక్కర్లేదు. కాస్త మిగిలింది, ఆగండి అని దానర్థం. సైన్యంలో అలా మాట్లాడితే తోలు తీస్తారు, నేనూ మానుకున్నాను. మూడు రోజులు మన మాట చెవిన పడేసరికి నా వెధవ నాలుక మళ్ళీ ఊరి దారి పట్టింది.

రెంచి తెచ్చేసరికి బండి లేదు. లంకలో నొప్పులు పడుతున్న ఒకామెను ఆసుపత్రికి చేర్చమని పంపేశారు. రేడియోలో ఆపించొచ్చు. తిట్లు పడతాయని భయపడ్డాను. తట్టుకుంటుందిలే అనుకుని నోరు మూసుకున్నాను.

పదకొండు యాభైకి రేడియోలో డ్రైవర్ గొంతు. "ఇంజన్ పోయింది. మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాం. ఆమెకి రక్తం పోతోంది."

పడవలన్నీ ఏటికి అవతల ఉన్నాయి. టూల్ బాక్స్ నెత్తిన పెట్టుకుని గంటసేపు నీళ్ళలో నడిచాను. బానెట్ ఎత్తగానే తెలిసిపోయింది, ఇక ఎంత బిగించినా పట్టదని. అయినా బిగిస్తూనే ఉన్నాను. ఖాళీగా నిలబడితే ఆమె భర్త మొహం చూడాలి. ఇంకా ఎంతసేపండి అని అతను రెండుసార్లు అడిగాడు. నేను తర్వాతి బోల్టుకి రెంచి తగిలించాను.

రెండుంబావుకి పడవ వచ్చింది. అప్పటికే ఆమె పోయింది. కడుపులో బిడ్డా పోయింది.

సుబేదార్‌కి జరిగింది జరిగినట్టు చెప్పాను. శిక్ష పడింది, అనుభవించాను. వారం తర్వాత దళం వెనక్కి వెళ్ళింది. సర్వీసు ముగిశాక నేను ఈ జిల్లాకే వచ్చి ఉంటున్నాను. చంపింది నా మాట, నా భయం. ఇంకెవరి మీదా పెట్టలేను.

ఆ రోజు ట్రక్కు వెనక ఆమె మీద టార్పాలిన్ కారుతోంది. ఆమె భర్త దగ్గర ఉన్నది ఒక్కటే గొడుగు. భార్యని వదిలి ముందుకొచ్చి, ఆ గొడుగు ఇంజన్ మీద పట్టాడు.

"ఇది తడవకూడదేమోనండి," అన్నాడు. "మీరు కానివ్వండి."